రాణిగంజ్‌లో కొన్న చిన్న సోలార్ సెట్టు: ఏడాది వాడిన తర్వాత

నిరుటి వేసవిలో ఈదురుగాలులకు కొమ్మలు తీగల మీద పడి, మల్కాజిగిరిలోని మా వీధికి రెండు రాత్రులు కరెంటు లేకపోయింది. ఆ తర్వాతి వారమే రాణిగంజ్‌లోని ఒక దుకాణంలో 335 వాట్ల ప్యానెల్, 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్ల) ట్యూబులర్ బ్యాటరీ, 12 వోల్టుల ఇన్వర్టర్, ప్యానెల్ నుంచి బ్యాటరీకి వెళ్లే కరెంటును అదుపు చేసే ఛార్జ్ కంట్రోలర్ తీసుకుని, ఫ్యాన్లకూ లైట్లకూ విడిగా వైరింగు వేయించి, బ్యాటరీ కేవలం ఎండతోనే ఛార్జ్ అయ్యేలా ఏర్పాటు చేయించుకున్నాను.

బిగింపు పనిలో వంక పెట్టడానికి లేదు. ప్యానెల్‌ను దక్షిణ ముఖంగా, సుమారు 17 డిగ్రీల వాలులో నిలిపి, స్టాండును శ్లాబుకు గట్టిగా బిగించి, ఎర్తింగు కూడా అడగకుండానే ఇచ్చారు. చిక్కంతా కంట్రోలర్‌తోనే వచ్చింది. మిట్టమధ్యాహ్నపు ఎండలో, బ్యాటరీ సగం ఖాళీగా ఉన్నప్పుడు కూడా మీటరు 9 ఆంపియర్లు దాటలేదు. అంటే 335 వాట్లకు డబ్బు చెల్లించిన నాకు అందుతున్నది 120 వాట్లకు మించలేదు. ఆ ప్యానెల్ దాదాపు 38 వోల్టుల దగ్గర పనిచేసేది కాగా, వారిచ్చిన పీడబ్ల్యూఎం రకం కంట్రోలర్ దానిని బ్యాటరీ ఉండే 13 వోల్టులకు లాగివేస్తుంది, మిగిలిన వోల్టేజీ దండగే. అదే ఎంపీపీటీ రకమైతే ఆ వోల్టేజీని ఆంపియర్లుగా మార్చి బ్యాటరీకి అందిస్తుంది. కొనేటప్పుడు ఈ రెండు రకాల తేడా గురించి నేను అడిగితే "రెండూ ఒకటే సార్, ఊరికే ఖర్చెందుకు" అన్న యజమాని, మీటరు ఫొటో చూపించాక పాతది వెనక్కి తీసుకుని ఎంపీపీటీ ఇచ్చారు గానీ, తేడా సొమ్ముతో పాటు "వాడిన సరుకు" అంటూ కొంత కోత కూడా పెట్టారు. మార్చిన రోజే మీటరు 20 ఆంపియర్లు చూపించింది.

ఇక బ్యాకప్ సంగతి. 12 వోల్టుల 150 ఏహెచ్ బ్యాటరీలో లెక్కకు 1800 వాట్ అవర్లు ఉన్నా, అది ఎక్కువ కాలం మన్నాలంటే సగానికి మించి వాడకూడదు. ఇన్వర్టర్ తినేది పోగా చేతికి వచ్చేది 750 వాట్ అవర్ల వరకు. తక్కువ కరెంటు తినే 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు రెండు, 9 వాట్ల ఎల్ఈడీలు నాలుగు, వైఫై రౌటరు కలిపి ఏడు గంటలు నడుస్తున్నాయి. పాత 75 వాట్ల ఫ్యాన్లతో నాలుగు గంటలు కూడా రాలేదు. ఫ్రిజ్, సంపు మోటారు దీని మీద పెట్టే ఆలోచనే వద్దు.

ఇంటి పైకప్పు సోలార్‌కు కేంద్రం 2024 ఫిబ్రవరిలో మొదలుపెట్టిన పీఎం సూర్యఘర్ రాయితీతో ఇదే పని అవుతుందని దుకాణంలో ఎవరో అన్నారు. ఆ రాయితీ గ్రిడ్‌కు, అంటే వీధి కరెంటు లైనుకు, అనుసంధానించే ప్యానెళ్లకు. బ్యాటరీ లేని అలాంటి ఏర్పాటు, లైను మీద పనిచేసేవారి భద్రత కోసం, కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది. బిల్లు తగ్గుతుందే తప్ప చీకట్లో పనికిరాదు.

బిగింపు పనికైతే మళ్లీ ఆ దుకాణం వారినే పిలుస్తాను. కంట్రోలర్ మాత్రం ప్యానెల్ వెనుక స్టిక్కరు మీది వోల్టులు చూసుకుని నేనే ఎంచుకుంటాను.