కొత్త పల్లె ఇంటికి గ్రౌండ్ సోర్స్ హీట్ పంప్: ఏది కొనాలి, ఏది వద్దు

చలి గట్టిగా ఉండే చోట, గ్యాస్ లైన్ రాని పల్లెలో ఇల్లు కడుతున్నవాళ్ళకు గ్రౌండ్ సోర్స్ హీట్ పంప్ మంచి సరుకే. కాకపోతే బ్రోషర్లో మెరిసే ఆ పెట్టె ఈ వ్యవస్థలో తేలికైన సగం. పేరున్న తయారీదారుల యంత్రాల మధ్య తేడా పెద్దగా ఉండదు. ఏళ్ళ తరబడి సాఫీగా నడిచేదానికీ, రెండు మూడు చలికాలాలకే మొరాయించేదానికీ తేడా అంతా మట్టిలో పూడ్చిన పైపు, అంటే లూప్ దగ్గరే వస్తుంది.

సూత్రం కొత్తదేమీ కాదు. నేలలోని వేడిని ఇలా వాడుకోవచ్చని హైన్రిక్ జోలీ 1912లోనే స్విట్జర్లాండ్‌లో పేటెంట్ తీసుకున్నాడు. పది పదిహేను మీటర్ల లోతున నేల ఉష్ణోగ్రత ఏడాదంతా దాదాపు ఒకేలా ఉంటుంది. పైపులో తిరిగే నీరు, యాంటీఫ్రీజ్ (గడ్డకట్టనివ్వని ద్రవం) మిశ్రమం ఆ వేడిని తెస్తే, కంప్రెసర్ దాన్ని పెంచి ఇంట్లోకి పంపుతుంది. లెక్క సరిగ్గా కుదిరితే ఒక యూనిట్ కరెంటుకు మూడు నుంచి నాలుగున్నర యూనిట్ల వేడి వస్తుంది. ఈ నిష్పత్తినే సీఓపీ అంటారు.

ఇన్‌స్టాలర్‌ను మొదట అడగాల్సింది ధర కాదు, గదుల వారీగా వేసిన హీట్ లాస్ లెక్క, అంటే చలిలో ఇంట్లోంచి ఎంత వేడి బయటికి పోతుందన్నది. ఇన్ని చదరపు అడుగులకు ఇన్ని టన్నుల యంత్రమని నోటిలెక్క చెప్పేవాణ్ణి గుమ్మంలోంచే సాగనంపండి. గోడల ఇన్సులేషన్, కిటికీలు, సందుల్లోంచి దూరే గాలి, ఆ ప్రాంతపు డిజైన్ చలి ఉష్ణోగ్రత (లెక్కకు తీసుకునే గట్టి చలి) అన్నీ లెక్కలో ఉండాలి. ఉదాహరణకు ఇంటికి 9 కిలోవాట్లు కావాలని తేలిందనుకుందాం. సీఓపీ 4 అయితే అందులో 2.25 కిలోవాట్లు కరెంటు ఇస్తుంది, మిగతా 6.75 నేల ఇవ్వాలి. లూప్ కొలతలన్నీ ఈ 6.75 మీదే నడుస్తాయి. మొత్తం అవసరం 4 కిలోవాట్ల లోపే ఉంటే మాత్రం ఈ రకం జోలికి పోకండి. బయటి గాలి నుంచి వేడి తీసే ఎయిర్ సోర్స్ హీట్ పంప్ సరిపోతుంది, అంత చిన్న అవసరానికి తవ్వకం ఖర్చు గిట్టదు.

స్థలం ఉన్న పల్లె ఇంటికి మా ఓటు అడ్డంగా పరిచే లూప్‌కే. పునాదుల కోసం జేసీబీ ఎలాగూ వస్తుంది, అదే ఊపులో 1.2 నుంచి 2 మీటర్ల లోతు కందకాలు తీయించేయవచ్చు. ఎంత స్థలం కావాలన్నది మట్టి చెబుతుంది. ఏడాదికి 1800 గంటలు నడిచే వ్యవస్థకు జర్మన్ ఇంజనీర్ల వీడీఐ 4640 మార్గదర్శకం 2001 ప్రతిలో ఇచ్చిన అంకెలు ఇవి: పొడి ఇసుక నేలలో చదరపు మీటరుకు 10 వాట్లు, తేమ ఉన్న బంకమట్టిలో 20 నుంచి 30, నీరు నిండిన ఇసుకలో, గులకలో 40. అంటే మన 6.75 కిలోవాట్లకు బంకమట్టిలో, 25 వాట్ల లెక్కన, సుమారు 270 చదరపు మీటర్లు చాలు, పొడి ఇసుకలో 675 కావాలి. ఇల్లు అదే, యంత్రం అదే, నేల మాత్రం రెండున్నర రెట్లు. చలికాలం పొడుగ్గా ఉండి 2400 గంటలు నడిచే చోట ఈ అంకెలు ఇంకో ఐదో వంతు తగ్గుతాయి. మట్టిని చూడకుండా కొటేషన్ ఇచ్చాడంటే ఆ కాగితానికి విలువ లేదు.

లూప్ మీద గడ్డి పెంచుకోవచ్చు, కూరగాయలు వేసుకోవచ్చు. కాంక్రీటు, షెడ్డు, కారు దారి మాత్రం వద్దు. చలికాలంలో తోడేసిన వేడిని తిరిగి నింపేవి ఎండా, వానే. సెప్టిక్ ట్యాంకు నీరు ఇంకే చోటు, మంచినీటి లైను, పెద్ద చెట్లు, రేపు కట్టబోయే గది అన్నీ గుర్తించిన ప్లాన్ మీదే కందకాల గీతలు పడాలి. చుట్టలు చుట్టలుగా పరిచే స్లింకీ పద్ధతిలో కందకం తగ్గుతుంది, పైపు పెరుగుతుంది. దాంతో ఇంకో చిక్కు, చుట్టల కింద మట్టి సరిగ్గా కూరుకోక గాలి ఖాళీలు మిగలడం. రాళ్ళు ఏరిన మెత్తటి మట్టి పోసి, నీళ్ళతో తడుపుతూ పూడ్పించాలి.

స్థలం లేకపోతేనో, అడుగున రాయి తగిలితేనో నిలువు బోర్లు. మామూలు రాతి నేలలో మీటరుకు 50 వాట్లు అనుకుంటే 135 మీటర్లు అవసరం, అంటే 68 మీటర్ల బోర్లు రెండు, మధ్య 6 మీటర్ల ఎడం. పొడి వదులు పొరల్లో ఇదే 300 మీటర్లు దాటవచ్చు. కింద మలుపు తిరిగి పైకి వచ్చే యూ పైపు దించాక బోరును అడుగు నుంచి పైకి గ్రౌట్‌తో, అంటే పోసి నింపే ముద్దతో, నింపాలి. ఉత్త బెంటనైట్ బంకమట్టి కన్నా సిలికా ఇసుకో గ్రాఫైటో కలిపిన గ్రౌట్ వేడిని రెట్టింపు తేలిగ్గా దాటిస్తుంది. తవ్విన చెత్తనే తిరిగి పోసి మూసేస్తే వేడి అందదు సరికదా, పై నీళ్ళు కిందికి దిగి భూగర్భ జలం పాడవుతుంది.

బావి నీటినే నేరుగా యంత్రంలోకి పంపే ఓపెన్ లూప్ చూడ్డానికి చవక, మేం మాత్రం సిఫారసు చేయం. ఈ సైజు ఇంటికి గంటకు వెయ్యి లీటర్లకు పైనే నడవాలి, వాడిన నీటిని వదలడానికి అనుమతి ఉన్న చోటు ఉండాలి. నీటిలో ఇనుము, సున్నం, ఇసుక ఉంటే యంత్రంలో ద్రవం నుంచి వేడిని లాగే హీట్ ఎక్స్‌చేంజర్ పూడుకుపోతుంది. బావి మోటారు తినే కరెంటు సీఓపీ లెక్కలో ఎవరూ చెప్పరు. నడివేసవిలోనూ రెండున్నర మీటర్ల నీళ్ళుండే సొంత చెరువు ఉంటే దాని అడుగున పైపు చుట్టలు దించడం మేలు.

యంత్రం విషయంలో బ్రోషర్లోని సీఓపీ ఏ ఉష్ణోగ్రతల దగ్గర కొలిచారో చూడండి. బీ0/డబ్ల్యూ35 అంటే లూప్ నుంచి సున్నా డిగ్రీలు వస్తుండగా ఇంటికి 35 డిగ్రీల నీళ్ళు పంపినప్పటి అంకె. అక్కడ నాలుగున్నర చూపించేది 55 డిగ్రీలు అడిగితే మూడుకు దిగుతుంది. అందుకే ఫ్లోర్ హీటింగ్ పైపులు 150 మిల్లీమీటర్ల ఎడంతో దగ్గరగా వేయించాలి. రేడియేటర్లే కావాలంటే 45 డిగ్రీలకే గది వేడెక్కేంత పెద్దవి పెట్టాలి. సింగిల్ ఫేజ్ కరెంటు ఉన్న చోట అవసరాన్ని బట్టి వేగం మార్చుకునే ఇన్వర్టర్ కంప్రెసర్ తీసుకోండి. ఫిక్స్‌డ్ స్పీడ్ కంప్రెసర్ స్టార్ట్ అయ్యేటప్పుడు మామూలు కన్నా కొన్ని రెట్లు కరెంటు లాగి ఇంట్లో లైట్లు డిమ్ చేస్తుంది. అదే కొనాల్సి వస్తే మెల్లగా స్టార్ట్ చేయించే సాఫ్ట్ స్టార్టర్ తప్పనిసరి. అవసరానికి మించిన సైజు యంత్రం ఆగుతూ మొదలవుతూ కంప్రెసర్ ఆయుష్షు తగ్గించుకుంటుంది.

పని జరుగుతుంటే దగ్గరుండి చూడాల్సింది జాయింట్లు. మట్టిలోకి పోయే ప్రతి జాయింటూ వేడితో అతికించిందే కావాలి. క్లాంపులు, మరలు పూడ్చనివ్వకండి. రెండు పైపుల కొసలు కరిగించి కలిపే బట్ ఫ్యూజన్ సరిగ్గా పడితే అతుకు చుట్టూ రెండు వరుసల ఉబ్బు ఒకే మందంతో తిరుగుతుంది. ఒక పక్క సన్నబడినా, మధ్యలో సందు కనిపించినా కోసి మళ్ళీ అతికించాల్సిందే. పూడ్చే ముందు ప్రెషర్ టెస్ట్ చేసి, పూడుస్తున్నంత సేపూ ప్రెషర్ ఉంచాలి. అప్పుడు రాయి గుచ్చుకుంటే గేజ్ వెంటనే చెబుతుంది. గోడలోంచి లోపలికి వచ్చే చోట పైపులకు ఒకటిన్నర మీటర్ల దాకా ఇన్సులేషన్ లేకపోతే చుట్టూ మట్టి గడ్డకట్టి ఉబ్బి పునాదిని నెట్టే ప్రమాదం ఉంది.

లూప్ నింపేటప్పుడు ప్రతి సర్క్యూట్లోనూ సెకనుకు 0.6 మీటర్ల వేగంతో నీళ్ళు పరుగెత్తితేనే గాలి బయటికి వస్తుంది. ఇంటి కుళాయి గొట్టంతో అది జరిగే పని కాదు, ఫ్లషింగ్ పంపు ఉండాలి. గాలి మిగిలితే పైపులు గుడగుడలాడతాయి, ఫ్లో తగ్గి యంత్రం ట్రిప్ అవుతుంది. యాంటీఫ్రీజ్‌గా ప్రొపిలీన్ గ్లైకాల్ 20 నుంచి 25 శాతం కలిపి, ఆ శాతం కొలిచే రిఫ్రాక్టోమీటర్‌తో చూపించమనండి. ఎక్కువైతే ద్రవం చిక్కబడి పంపు కరెంటు తాగుతుంది. తక్కువైతే ప్లేట్ హీట్ ఎక్స్‌చేంజర్ లోపల గడ్డకట్టి పగులుతుంది. మొత్తం వ్యవస్థలో అన్నిటికన్నా ఖరీదైన రిపేరు అదే.

అప్పగించే రోజున కొలతలు రాసిపెట్టించుకోండి. నిమిషానికి పారే లీటర్లను లూప్ రాకపోకల ఉష్ణోగ్రతల తేడాతో గుణించి, 0.066తో గుణిస్తే నేల ఇస్తున్న కిలోవాట్లు వస్తాయి. 29 లీటర్లు, 3.5 డిగ్రీల తేడా ఉంటే 6.7, మనకు కావాల్సిందే. ఆ తర్వాత ఏటా చలికాలం చివర లూప్ నుంచి వచ్చే ద్రవం ఉష్ణోగ్రత నోట్ చేయండి. ఇల్లు ఆరేదాకా తొలి ఏడాది కాస్త అటూ ఇటూ అయినా ఫరవాలేదు. ఆ తర్వాత కూడా ఏటికేడాది దిగజారుతుంటే లూప్ చిన్నదైనట్టే, అక్కడ యంత్రం మార్చినా లాభం లేదు. కంట్రోలర్ మెనూలో అనుబంధ ఎలక్ట్రిక్ హీటర్ నడిచిన గంటలూ కనిపిస్తాయి. రాత్రి థర్మోస్టాట్ నాలుగైదు డిగ్రీలు తగ్గించి పొద్దున్నే ఒక్కసారిగా పెంచే అలవాటుంటే ఆ గంటలు చకచకా పెరుగుతాయి, కాబట్టి దాన్ని ఒకే అంకె మీద ఉంచడమే నయం.