రుడ్బెకియా విత్తనాలు కొంటున్నారా? ప్యాకెట్ మీద ‘పెరెన్నియల్’ అని ఉంటే సరిపోదు

అమెరికాలో ఉన్న మనవాళ్లు చాలామంది చలికాలంలోనే విత్తనాలకు ఆర్డర్ పెడతారు. అందుకే ఇప్పుడు రాస్తున్నాను. ‘పెరెన్నియల్ రుడ్బెకియా, ఒక్కసారి నాటండి, ఏటా పూస్తుంది’ అంటూ ఆన్‌లైన్‌లో అమ్మే ఈ పూలమొక్క విత్తనాల ప్యాకెట్లతో జాగ్రత్తగా ఉండండి. పెరెన్నియల్ అంటే ఏళ్ల తరబడి బతికే మొక్క. నేనుండేది మేరీల్యాండ్‌లో. ఇంటి ముందు నడకదారి పక్కన బెడ్ అంతా ఆ విత్తనాలతో పెంచిన మొక్కలే పెట్టాను. మొదటి వేసవిలో పసుపు రంగు పూలు, మధ్యలో నల్లటి బొడిపెలు, దారిన పోయేవాళ్లు ఆగి చూసేంత బాగా పూశాయి. చలికాలం దాటి ఏప్రిల్ వచ్చేసరికి మాత్రం దాదాపు అన్నీ చచ్చిపోయాయి. ఒక మొక్కను పట్టుకుని లాగితే మొదలు గోధుమరంగుకు తిరిగి, మెత్తగా కుళ్లి, చేతిలోకి ఊడి వచ్చింది. చుట్టూ ఒక్క పిలక కూడా లేదు.

ప్యాకెట్ మీద ఉన్న ఫొటో గోల్డ్‌స్టర్మ్ అనే రకానిది. అది రుడ్బెకియా ఫుల్జిడా జాతి. 1999లో అమెరికాలోని పెరెన్నియల్ ప్లాంట్ అసోసియేషన్ ‘ఆ ఏటి మొక్క’గా ఎంపిక చేసింది దాన్నే. నేల కింద పాకే వేళ్ల నుంచి పిలకలు వేస్తుంది, ఏటేటా గుబురు పెరుగుతుంది, జోన్ 3 (అమెరికాలో చలిని బట్టి చేసిన విభజనలో బాగా చల్లటి ప్రాంతం) చలిని కూడా తట్టుకుంటుంది. లోపల ఉన్న విత్తనాలు మాత్రం వేరే జాతివి, రుడ్బెకియా హిర్టావి. నేతిబీరకాయలో నెయ్యి ఎంతో, ఆ ప్యాకెట్‌లో గోల్డ్‌స్టర్మ్ అంత.

హిర్టా చెడ్డ మొక్కని నేననడం లేదు. 1918 నుంచి మేరీల్యాండ్ రాష్ట్ర పుష్పం అదే, బ్లాక్ ఐడ్ సూసన్ అని అందరూ ముద్దుగా పిలుచుకునే పువ్వు. ఇండియన్ సమ్మర్, ప్రెయిరీ సన్, గ్లోరియోసా డైసీ, ఇవన్నీ హిర్టాలే. కానీ దాని ఆయుష్షు తక్కువ. కొన్ని మొక్కలు ఒక్క ఏడాదితో సరి, కొన్ని రెండేళ్లు, అదృష్టం బాగుంటే మూడో ఏడు. మా దగ్గరలాంటి బంకమట్టిలో చలికాలమంతా నీళ్లు నిలిస్తే ఆ మాత్రం కూడా బతకవు. పుస్తకాల్లో ‘షార్ట్ లివ్డ్ పెరెన్నియల్’ అని రాసేది ఇందుకే. అమ్మేవాళ్లు అందులో మొదటి రెండు మాటలూ తీసేసి మూడోదే పెద్ద అక్షరాల్లో వేస్తారు. అది మోసం కాక ఇంకేమిటి?

విక్రేతకు ఫొటోలు పంపి అడిగాను. రిటర్న్ గడువు అయిపోయిందన్నారు. ఇక్కడే నాకు ఒళ్లు మండింది. చెప్పు కొరికితే ఆ వారంలో తెలుస్తుంది. ఏటా వస్తుందని అమ్మిన విత్తనం రాదని తెలియడానికి ఒక చలికాలం గడవాలి. ముప్పై రోజుల గ్యారంటీ దానికి ఎందుకు పనికొస్తుంది?

కాబట్టి చూడాల్సిందంతా డబ్బు కట్టకముందే చూడండి. ప్యాకెట్ మీద శాస్త్రీయ నామం పూర్తిగా ఉందా? ఉత్త ‘రుడ్బెకియా మిక్స్’ అని ఉంటే వదిలేయండి. హిర్టా అని ఉంటే ఒకటి రెండేళ్ల మొక్క అనుకునే కొనండి. నాటే పద్ధతిలో కూడా తేడా ఉంటుంది. హిర్టా వెచ్చటి గదిలో, మట్టి పైన పలచగా చల్లితే ఒకటి రెండు వారాల్లో మొలుస్తుంది, ఫిబ్రవరిలో వేస్తే అదే వేసవికి పూస్తుంది. ఫుల్జిడా విత్తనాలను సాధారణంగా తడి ఇసుకలో కలిపి నెల రోజులు ఫ్రిజ్‌లో ఉంచాక వేస్తారు, పూలు ఎక్కువగా రెండో ఏడే. గోల్డ్‌స్టర్మ్ విత్తనం నుంచి అచ్చం తల్లిమొక్కలా రాదు కూడా. అదే కావాలంటే దుబ్బు విడదీసి పెంచిన మొక్కను నర్సరీలో కొనడం మేలు.

ఇప్పటికే నారు పోసి ఉంటే ఆకును వేళ్లతో తడిమి చూడండి. హిర్టా ఆకుకు, కాడకు నిండా బిరుసు నూగు ఉంటుంది, చర్మానికి గరగరా తగులుతుంది. ఫుల్జిడా ఆకు ముదురాకుపచ్చ, నూగు చాలా తక్కువ. అనుమానంగా ఉంటే మీ రాష్ట్రంలోని యూనివర్సిటీ ఎక్స్‌టెన్షన్ (తోటపని, సాగు సలహాలిచ్చే విభాగం) వాళ్లకు ఫొటో పంపండి.

ఇంకొక మాట. రివ్యూల్లో ‘మాకు ఏటా వస్తోంది’ అని రాసినవాళ్లు అబద్ధం చెబుతున్నారని కాదు. హిర్టా విత్తనాలు రాలి చుట్టుపక్కల మళ్లీ మొలుస్తాయి. పాత మొక్క పోయి పిల్లలొచ్చాయని గమనించక అదే తిరిగొచ్చిందనుకుంటారు. మా బెడ్‌లో అదీ జరగలేదు, మందంగా మల్చ్ (మట్టి మీద కప్పే చెక్కపొట్టు, ఆకుల లాంటిది) వేసి, వాడిన పూలు ఎప్పటికప్పుడు కత్తిరించేశాను కాబట్టి. మీ దగ్గర హిర్టా ఉంటే చివర్లో వచ్చే పూలను కొమ్మనే ఎండనివ్వండి, మొక్క మొదట్లో కాస్త మట్టి కనిపించేలా మల్చ్ పక్కకు జరపండి. మిగిలిన గింజలు ఒక కాగితం కవర్లో దాచుకుంటే వచ్చే ఏడాదికి మళ్లీ కొనే పని ఉండదు.