ఆరేళ్ల డయాలిసిస్, ఏడు జేబు పుస్తకాలు

వారానికి మూడు రోజులు, పూటకు నాలుగు గంటలు. మూత్రపిండాలు చేయాల్సిన పనిని మెషిన్‌తో చేయించి రక్తం శుభ్రం చేసే హీమోడయాలిసిస్ మొదలై ఆరేళ్లు నిండాయి. ఈలోగా మెషిన్లు మారాయి, ఒక ఫిస్టులా (సూదులు గుచ్చడానికి చేతిలో రక్తనాళాలు కలిపి చేసిన దారి) మూసుకుపోయింది, డ్రై వెయిట్ (ఒంట్లో అదనపు నీరు తీసేశాక ఉండాల్సిన బరువు) ఎన్నిసార్లు సరిచేశారో లెక్కలేదు. నన్ను వదలకుండా ఉన్నది అరచేతిలో పట్టే గీతల పుస్తకం ఒక్కటే. ఈ సమీక్ష దానికే.

కొన్నది మతిమరుపు కోసం. ఫాస్ఫరస్ తగ్గించే మాత్ర వేసుకున్నానో లేదో తెలియక రెండోసారి వేసుకోవడం, ఫోన్ చేతిలోకి తీసుకుని ఎవరికి చేయాలో తోచక కూర్చోవడం. వయసు అన్నారు ఇంట్లో. అప్పటికి నాకు నలభై ఎనిమిది.

ఆరు నెలల రాతలు తిరగేస్తే తేలిందేమిటంటే, అది మతిమరుపు కాదు. పేర్లు, తేదీలు బాగానే గుర్తున్నాయి. నాలుగు పనులు వరసలో పెట్టుకోవడం, ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి మళ్లడం, అక్కడే బండి ఆగుతోంది. డాక్టరు గారు అంకెల్నీ అక్షరాల్నీ మార్చి మార్చి గీతతో కలిపే పరీక్ష పెట్టారు. తప్పులు రెండే, పట్టిన సమయం మాత్రం చాలా ఎక్కువ. డయాలిసిస్‌లో ఉన్నవాళ్లకు జ్ఞాపకం కన్నా ముందు ఇలాంటి నేర్పు, వేగమే ఎక్కువగా దెబ్బతింటాయట.

రెండో సంగతి ఇంకా పనికొచ్చింది. మెషిన్ మీద ఉండగా రాసిన పేజీల్లో సగం మాటలు మింగేశాను. మర్నాడు పొద్దున రాసినవి శుభ్రంగా ఉన్నాయి. ఇది నా ఒక్కడి భ్రమేమో అనుకున్నాను. 2007లో వచ్చిన ఒక అధ్యయనంలోనూ ఇదే తేలింది: బుర్ర అన్నిటికన్నా మందగించేది డయాలిసిస్ జరుగుతుండగా, చురుగ్గా ఉండేది సెషన్‌కు కాస్త ముందు, లేదా మర్నాడు. నీరు లాగేకొద్దీ మెదడుకు వెళ్లే రక్తం కూడా తగ్గుతుంది మరి. మా సెంటర్లో మందుల మార్పులన్నీ మూడో గంటలోనే చెప్పేవాళ్లు. తల ఊపేవాణ్ణి. ఏం విన్నానో ఆ తల ఊపడానికే తెలియాలి. ఇప్పుడు మర్నాడు ఫోన్‌లో చెప్పమంటాను.

పుస్తకానికి పెట్టిన డబ్బులు నిజంగా గిట్టింది నాలుగో ఏడాదిలో. కాళ్ల పీకుడుకని వేరే డాక్టరు గబపెంటిన్ అనే నరాల నొప్పి మందు రాశారు, మామూలు వాళ్లకిచ్చే మోతాదులో. మూడు రోజులకు మాట ముద్దయింది, పగలంతా మత్తు. ఇంట్లో పక్షవాతమని కంగారు పడ్డారు. కిడ్నీ డాక్టరు పుస్తకం అడిగి, మాత్ర మొదలైన తేదీ చూసి, వెంటనే ఆపించారు. ఆ మందు ఒంట్లోంచి బయటికి పోయే దారి మూత్రపిండాలే, నాకేమో ఆ దారి మూసుకుపోయింది. రెండు సెషన్లకు మత్తు దిగింది.

చల్లటి ద్రవం సంగతి కూడా పుస్తకంలోనే ఉంది. డయాలిసిస్ ద్రవాన్ని ఒంటి వేడి కన్నా అర డిగ్రీ తగ్గించి ఏడాది నడిపితే మెదడులోని తెల్ల పదార్థం (మెదడు భాగాలను కలిపే నరాల పోగులు) తక్కువ దెబ్బతిందని 2015లో ఒక చిన్న అధ్యయనం చెప్పింది. తర్వాత చాలా పెద్ద ఎత్తున చేసిన పరిశీలనలో గుండెకు లాభం కనబడలేదు, చలి ఫిర్యాదులు మాత్రం పెరిగాయి. నాకూ అలా నడిపినప్పుడు నా లెక్కల్లో బీపీ పడిపోవడం తగ్గింది, దుప్పట్లు రెండయ్యాయి. బుర్ర తేలికపడిందా? పేజీలు ఎటు తిప్పినా ఔననీ కాదనీ చెప్పలేను.

ఫోన్ అలారం మాత్రలకు సరే, కానీ ఆపేసిన మరుక్షణం ఎందుకు మోగిందో బుర్రలోంచి పోతుంది.

పుస్తకానికి నా మార్కులు ఐదుకు నాలుగు. ఒకటి తగ్గించింది ఎందుకంటే, ఎడమ చేతి ఫిస్టులా పోయాక కొత్తది కుడి చేతికి పెట్టారు. రాసే చేయి అదే. సూదులున్న నాలుగు గంటలూ రాయలేను, రాయాల్సింది మాత్రం అప్పుడే. ఏడో పుస్తకంలో ఆ పేజీలు మా ఆవిడ దస్తూరీలో ఉంటాయి. నేను అడిగిందే మళ్లీ అడిగితే పక్కన చిన్న గీత గీస్తుంది. నిన్నటి పేజీలో గీతలు మూడు.