ఎంటీఆర్: లైవ్ ఫీడ్ ఎక్కడ ఆగుతుందో పట్టించే టూల్, చాలా కాలం వాడాక నా రివ్యూ

కూకట్‌పల్లిలో ఇంటి నుంచే ట్రేడింగ్ చేస్తా. 9:15కి మార్కెట్ ఓపెన్ అవ్వగానే చార్ట్ బిగుసుకుపోయి, కాసేపటికి టిక్స్ (ఒక్కో ధర మార్పు) అన్నీ ఒక్కసారే గుంపుగా పడేవి. స్పీడ్ టెస్ట్ పెడితే ఫుల్ స్పీడ్, కస్టమర్ కేర్ వాళ్లు కూడా అదే చూసి లైన్ బాగానే ఉంది సార్ అంటారు. అసలు ఫీడ్‌కి, అంటే లైవ్‌గా వచ్చే ధరల డేటాకి, స్పీడ్ పెద్దగా అక్కర్లేదండీ, ఆగకుండా రావాలి అంతే. టీసీపీ (డేటా పోతే మళ్లీ పంపించి వరసలోనే అందించే పద్ధతి) మీద వచ్చే ఫీడ్‌లో ఒక్క ప్యాకెట్, అంటే ఒక్క డేటా ముక్క, పోయినా అది మళ్లీ వచ్చేదాకా వెనకొచ్చినవన్నీ ఆగాల్సిందే, ఫ్రీజ్ అయ్యేది అందుకే.

ఎంటీఆర్ 1997లో మాట్ కింబాల్ మొదలుపెట్టిన ఫ్రీ టూల్. పింగ్ (అవతలి నుంచి జవాబు ఎంతసేపట్లో వస్తుందో చూసేది), ట్రేస్‌రూట్ (డేటా ఏ దారిలో పోతుందో చూపేది) రెండూ కలిపి దారిలో ఒక్కో హాప్, అంటే ఒక్కో రౌటర్, దగ్గర లాస్ (పోయిన ప్యాకెట్లు) ఎంత, డిలే ఎంత అని నడుస్తుండగానే చూపిస్తది. విండోస్‌కి విన్ఎంటీఆర్ ఉంది.

మధ్యలో ఏదో హాప్‌కి 60 శాతం లాస్ కనిపిస్తే కంగారు పడకండి, చాలాసార్లు ఆ రౌటర్ మన ప్రోబ్‌లకి (టూల్ పంపే టెస్ట్ ప్యాకెట్లకి) జవాబివ్వడం తగ్గించుకుంటది అంతే, ఆ లాస్ చివరి లైన్ దాకా సాగితేనే పట్టించుకోవాలి. యావరేజ్ కన్నా వరస్ట్ కాలమ్, అంటే అన్నిటికన్నా ఎక్కువ పట్టిన డిలే, చూడండి. మొదటి హాప్, అంటే మన ఇంటి రౌటరే, ఊగుతుంటే ముందు వైఫై తీసి కేబుల్ పెట్టి చూడాలి. మా ఇంట్లో మొదటి హాప్ 1 మిల్లీసెకను దగ్గర కదలకుండా ఉండి రెండోదాని నుంచి అన్నీ వందల్లోకి పోయేవి, అదీ ఫోన్లలో ఫోటోలు క్లౌడ్‌కి బ్యాకప్ అయ్యే టైంలోనే. అప్‌లోడ్ నిండిపోతే రౌటర్‌లో క్యూ పేరుకుంటది, అమీర్‌పేట్ ట్రాఫిక్‌లో అంబులెన్స్ ఇరుక్కున్నట్టు ఫీడ్ తాలూకు చిన్న ప్యాకెట్లు కూడా దాని వెనకే నిలబడతాయి. రౌటర్‌లో క్యూఓఎస్ (ఏ ట్రాఫిక్‌కి ఎంత దారి ఇవ్వాలో చూసే సెట్టింగ్) ఆన్ చేసి అప్‌లోడ్‌ని లైన్ స్పీడ్ కంటే కొంచెం తక్కువకి కట్టేసా, ఆ ఫ్రీజ్‌లు పోయినయ్. ఈ ఒక్కదానికే ఈ టూల్‌కి దండం పెట్టొచ్చు.

లోపాలున్నయ్. తిరిగొచ్చే దారి వేరేదైతే అది కనపడదు. మామూలుగా సెకనుకి ఒక్క ప్రోబే కాబట్టి చిన్న జర్క్‌లు తప్పించుకుంటాయి, గంటల తరబడి నడపాలి. సర్వర్ పింగ్‌ని బ్లాక్ చేస్తే ఫీడ్ బాగా వస్తున్నా చివర్లో 100 శాతం లాస్ చూపిస్తది, అప్పుడు లైనక్స్‌లో టీసీపీ మోడ్ పెట్టి ఫీడ్ వాడే పోర్ట్, ఎక్కువగా 443, ఇవ్వండి.

ప్రొవైడర్‌కి కంప్లైంట్ పెట్టేటప్పుడు బాగున్న టైంలో తీసిన రిపోర్ట్ ఒకటి, ఆగిన టైంలోది ఒకటి, రెండూ టైంతో సహా పంపండి, ఏ హాప్ నుంచి మారిందో వాళ్లకి పక్కపక్కనే కనిపిస్తది.