వాయిదాలు వేసే నాతో 60 వాయిదాలు కట్టించిన పోస్టాఫీస్ ఆర్డీ

2025 నవంబర్లో నా పోస్టాఫీస్ ఆర్డీ (రికరింగ్ డిపాజిట్, ప్రతి నెలా ఒకే మొత్తం కట్టే పొదుపు ఖాతా) మెచ్యూర్ అయింది. నెలకి 3,000 చొప్పున అయిదేళ్లు, మొత్తం 60 వాయిదాలు, నేను కట్టింది 1,80,000, చేతికొచ్చింది 2,09,000 చిల్లర. కొందరికి ఇదేమంత పెద్ద మొత్తం కాకపోవచ్చు గానీ డబ్బు విషయంలో నేను అనుకుని, మొదలుపెట్టి, చివరిదాకా తీసుకెళ్ళిన మొదటి పని ఇదే. ఆర్డీ గురించి ఎక్కడ చూసినా వడ్డీ ఇంత, నెలకింత కడితే ఇంతొస్తుంది అనే లెక్కలే కనిపిస్తాయి, "వచ్చే నెల నుంచి మొదలెడదాంలే" అనుకునే మనిషికి ఇది పనికొస్తుందా లేదా అన్నది నేను వెతికినప్పుడు నాకు దొరకలేదు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మాది తెనాలి. ఇంట్లో ముందు గదిలోనే టైలరింగ్ చేస్తాను, ఎక్కువగా బ్లౌజులు, చీరలకి ఫాల్, పీకో. సొంతంగా ఒక షాపు పెట్టుకోవాలని 2016 నుంచీ ఉంది. షాపుకి అడ్వాన్స్, ఒక ఓవర్‌లాక్ మెషిన్, పీకో మెషిన్, అద్దం, ర్యాకులు అన్నీ కలిపి రెండు లక్షలు అవుతుందని అప్పుడే ఒక కాగితం మీద రాసి పెట్టుకున్నాను. ఆ కాగితం నాలుగేళ్లు అలాగే బీరువాలో ఉంది. సంక్రాంతి సీజన్ డబ్బుల్తో మొదలెడదాం అనుకుంటాను, సంక్రాంతి అవగానే పాప స్కూల్ బకాయి, సరే ఉగాది నుంచి అనుకుంటాను, ఉగాదికి ఇంకేదో, తర్వాత శ్రావణమాసం ఉందిగా అప్పుడు బాగా వస్తాయి అనుకుంటాను. డబ్బులు రాలేదా అంటే వచ్చాయి. శ్రావణంలో రాత్రి ఒంటిగంట దాకా కుట్టిన రోజులున్నాయి. వచ్చిన డబ్బు ఒకచోట ఆగలేదు అంతే.

ప్రయత్నాలు చెయ్యకపోలేదు. బియ్యం డబ్బాలో దాచాను, గ్యాస్ అబ్బాయికి చిల్లర లేకపోతే చెయ్యి అక్కడికే వెళ్ళేది. తెలిసినావిడ దగ్గర చీటీ వేశాను, పదకొండో నెలలో ఆవిడ ఊరొదిలి వెళ్ళిపోయింది, నావి 22,000 పోయాయి, కాగితం లేదు కాబట్టి అడగడానికీ లేదు (చీటీ వెయ్యాలనుకుంటే 1982 చిట్ ఫండ్స్ చట్టం కింద రిజిస్టర్ అయినచోటే వెయ్యండి, నా మాట వినండి). తర్వాత మా తమ్ముడు ఫోన్లో ఒక యాప్ వేసిచ్చి నెలకి 2,000 సిప్ (నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లోకి వెళ్ళే పొదుపు) పెట్టాడు. అందులో తప్పేం లేదు, బాగానే నడిచింది, కాకపోతే దాన్ని ఆపడానికి ఒక్క బటన్ నొక్కితే చాలు. మూడో నెలలో ఈ ఒక్క నెలకీ ఆపుదాం అని నొక్కాను, మళ్ళీ ఆన్ చెయ్యలేదు. ఎందుకు ఆపావని అడిగే మనిషి లేరు అక్కడ, నాకు తేడా అంతా అక్కడే పడింది.

2020 అక్టోబర్లో బ్లౌజ్ కుట్టించుకోవడానికి ఒకావిడ వచ్చారు. చేతిలో జిప్పు బ్యాగు, అందులో రబ్బరుబ్యాండ్లు వేసిన కార్డుల కట్టలు. పోస్టాఫీస్ ఆర్డీ ఏజెంట్ అని చెప్పారు. మహిళా ప్రధాన్ క్షేత్రీయ బచత్ యోజన అని ఒకటుంది, దాని కింద ఆడవాళ్ళనే ఏజెంట్లుగా పెడతారు, ఇంటింటికీ వచ్చి ఆర్డీ డబ్బులు తీసుకుని పోస్టాఫీసులో కడతారు. వాళ్ళకి కమిషన్ 4 శాతం ప్రభుత్వమే ఇస్తుంది, మన దగ్గర రూపాయి తీసుకోకూడదు, ఆ మాట ఆవిడే మొదట చెప్పారు.

నేను ఉత్సాహంగా నెలకి 5,000 కడతానక్కా అన్నాను. ఆవిడ వెంటనే రాసుకోలేదు. "అమ్మాయ్, నీకు ఆషాఢంలో ఎంతొస్తుంది?" అని అడిగారు. నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. ఆషాఢంలో పెళ్ళిళ్ళుండవు, బ్లౌజులూ ఉండవు, మహా అయితే ఆల్టరేషన్లు, పిల్లల యూనిఫాంలు. "శ్రావణం చూసుకుని రాయించుకుంటే ఆషాఢంలో ఆగిపోతావు, ఆషాఢంలో ఎంత కట్టగలవో అంతే రాయించుకో" అన్నారు. అలా 3,000 అయింది. పొదుపు గురించి ఇన్నేళ్లలో నేను విన్న మాటల్లో నాకు అక్షరాలా పనికొచ్చింది ఇదొక్కటే. నాలాగా నెల జీతం లేనివాళ్ళు ఎవరైనా, ఆటో నడిపేవాళ్ళు, మేస్త్రి పని చేసేవాళ్ళు, బ్యూటీపార్లర్ వాళ్ళు, మీ ఆషాఢం ఏ నెలో మీకు తెలుసు, ఆ నెల చూసుకుని ఎంత కట్టాలో తేల్చుకోండి.

రెండో విషయం తారీఖు. నెలలో 15 లోపు ఖాతా తెరిస్తే ప్రతి నెలా 15 లోపు కట్టాలి, 16 నుంచి తెరిస్తే నెలాఖరు పని దినం దాకా టైముంటుంది. ఇది చిన్న రూల్ లాగే ఉంటుంది కానీ నాకు ముఖ్యం, ఎందుకంటే నా దగ్గర కుట్టించుకునేవాళ్ళు టీచర్లూ ఉద్యోగస్తులూ ఎక్కువ, ఒకటో తారీఖు జీతాలు పడ్డాక బాకీలు ఇస్తారు, కొందరు ఇరవై దాకా సాగదీస్తారు. అందుకని నవంబర్ 16 దాటేదాకా ఆగి తెరిపించారు. ఆధార్, పాన్, ఫోటోలు, నామినీగా పాప పేరు, అంతే. ఆవిడ 25న వస్తానన్నారు. పాస్‌బుక్‌కి ప్లాస్టిక్ కవరు వేసి, లోపల ఒక చిన్న కాగితం మీద "షాపు" అని రాసి పెట్టాను.

అసలు పనిచేసింది ఏంటంటే ఆ 25వ తారీఖు. పదకొండున్నరకి గేటు చప్పుడవుతుంది, ఆవిడ గుమ్మం పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని మంచినీళ్ళు అడుగుతారు, డబ్బులు రెండుసార్లు లెక్కపెడతారు, ఆస్లాస్ కార్డు అని పసుప్పచ్చ కార్డు ఒకటుంటుంది, అందులో నెల, మొత్తం రాసి సంతకం పెట్టి నాకిస్తారు. మొత్తం నాలుగు నిమిషాలు. కానీ ఆ నాలుగు నిమిషాల కోసం నేను 20వ తారీఖు నుంచే వెనక్కి తీసి పెట్టడం మొదలెట్టాను, 500 వస్తే 200 అగ్గిపెట్టెల పక్కన డబ్బాలోకి వెళ్ళిపోయేది. ఎవరో నా గుమ్మంలోకి వచ్చి చెయ్యి చాపుతారని తెలిస్తే తీసిపెడతాను, నాకు నేనే చెప్పుకుంటే తీసిపెట్టను, నా తత్వం ఇది, దాన్ని మార్చుకోవడానికి నాలుగేళ్లు పోగొట్టుకున్నాను, మార్చుకోకుండానే పని అయ్యే దారి దొరికింది.

ఏజెంట్ వద్దనుకుంటే ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంక్ యాప్‌లోంచి మీరే కట్టుకోవచ్చు, లేదా కౌంటర్లో కట్టొచ్చు. క్రమశిక్షణ ఉన్నవాళ్ళకి అదే మంచిది. నాకు మాత్రం మనిషే కావాలి. అయితే ఏజెంట్‌కి ఇస్తున్నవాళ్ళు ఒకటి తప్పనిసరిగా చెయ్యండి, మూడు నెలలకోసారి మీరే పోస్టాఫీసుకెళ్ళి పాస్‌బుక్‌లో ఎంట్రీలు పడ్డాయో లేదో చూసుకోండి. కార్డు మీద సంతకం వేరు, పాస్‌బుక్‌లో పడటం వేరు. నా చీటీ అనుభవం వల్ల నేను మొదట్లో ప్రతి నెలా వెళ్ళి చూసుకునేదాన్ని, ఆవిడ ఏమీ అనుకోలేదు, "చూసుకోవాలమ్మా, నీ డబ్బు" అన్నారు.

అయిదేళ్లలో రెండుసార్లు గట్టి పరీక్షే వచ్చింది. 2021 డిసెంబర్లో అమ్మ బాత్రూంలో జారిపడి కాలు విరిగింది. మునుపటి నేనైతే ఖాతా మూసేద్దాం అనేదాన్నే. అప్పుడు తెలిసింది ఏంటంటే ఒక ఏడాది నిండి 12 వాయిదాలు కట్టాక ఖాతాలో ఉన్నదాంట్లో సగం దాకా లోన్ ఇస్తారు, వడ్డీ మన ఆర్డీ రేటు మీద 2 శాతం ఎక్కువ. నాది 5.8 కాబట్టి 7.8 పడింది. 15,000 తీసుకున్నాను, సంక్రాంతి, పెళ్ళిళ్ళ డబ్బుల్తో మే లోపు తీర్చేశాను. బంగారం తాకట్టుకి వెళ్ళలేదు, ఖాతా కదల్లేదు. అసలు మూడేళ్లు దాటకుండా మూయనివ్వరు కూడా, దాటాక మూసినా మామూలు సేవింగ్స్ ఖాతా వడ్డీ 4 శాతమే ఇస్తారు, మెచ్యూరిటీకి ఒక్క రోజు ముందైనా సరే అంతే. ఇది కొందరికి లోపం, నా లాంటి వాళ్ళకి కంచె.

రెండోది 2023. ఆషాఢం అవగానే శ్రావణం వస్తుంది కదా అని ప్రతి ఏడూ ధైర్యం, ఆ ఏడు అధిక శ్రావణం పడింది. జూన్ మూడో వారం నుంచి ఆగస్టు మధ్య దాకా ముహూర్తాల్లేవు, దాదాపు రెండు నెలలు మెషిన్ల మీద గుడ్డ కప్పే ఉంది. జులై 25న ఆవిడొస్తే చేతిలో 1,100 ఉన్నాయి. సిగ్గుతో తలుపు వెనకాల నిలబడి ఈ నెల కట్టలేనక్కా అన్నాను, ఇంక అయిపోయింది ఇది కూడా ఆగిపోతుంది అనుకున్నాను లోపల. ఆవిడ కుర్చీలో కూర్చునే చెప్పారు, ఒక నెల తప్పితే వందకి రూపాయి ఫైన్, నీకు 30 రూపాయలు, నాలుగు నెలలు తప్పితే ఖాతా ఆగిపోతుంది, ఆగినా రెండు నెలల్లోపు మళ్ళీ నడిపించుకోవచ్చు, దీనికెందుకు ఏడుపు అని. ఆగస్టు నెలాఖరుకి నిజ శ్రావణం డబ్బులొచ్చాయి, 6,030 కట్టాను. ఇది నాకు చాలా పెద్ద విషయం. నేను ఇదివరకు మొదలుపెట్టిన ప్రతిదీ ఒక్కసారి తప్పగానే మొత్తం వదిలేశాను, ఎలాగూ తప్పిందిగా అని. తప్పితే ఖరీదు 30 రూపాయలే అని తెలిశాక వదిలెయ్యాలన్న ఆలోచనే రాలేదు.

ముందుగా కట్టే వీలు కూడా ఉంది, ఆరు వాయిదాలు ఒకేసారి కడితే ఒక నెల వాయిదా మీద లెక్కేసి వందకి 10, పన్నెండు కడితే వందకి 40 రిబేటు. 2024 శ్రావణంలో ఆరు నెలలవి ఒకేసారి కడితే 300 తగ్గింది. కానీ ఆ ఆరు నెలలూ ఆవిడ రాక, తీసిపెట్టే అలవాటు తప్పడం చూశాక మళ్ళీ ఎప్పుడూ అలా కట్టలేదు.

ఇంక లోపాలు. వడ్డీ ఖాతా తెరిచిన రోజు ఎంతుంటే అయిదేళ్లూ అదే. నేను తెరిచినప్పుడు 5.8, 2023 అక్టోబర్ నుంచి కొత్తగా తెరిచేవాళ్ళకి 6.7 అయింది, నాది 5.8 దగ్గరే ఉండిపోయింది. అదే 6.7 అయితే నాకు ఇంకో 5,000 వచ్చేవి. వడ్డీ మీద పన్ను ఉంటుంది, కట్టిన డబ్బుకి ఆదాయపు పన్ను మినహాయింపు రాదు. ఎక్కువ లాభం కావాలి, పదిహేనేళ్లు ఆగగలం, పడినా లేచినా తట్టుకోగలం అనేవాళ్ళకి ఇది కాదు, వాళ్ళు మ్యూచువల్ ఫండ్లు చూసుకోవచ్చు. ఫలానా ఏడాదికి ఫలానా మొత్తం చేతిలో ఉండాలి అనుకునేవాళ్ళకి ఇది. నెలకి కనీసం 100 తో మొదలెట్టొచ్చు, ఆపైన పదుల్లో ఎంతైనా, కాబట్టి డబ్బుల్లేవు అనే సాకు కూడా పెద్దగా నిలబడదు.

ఒక బాధ మాత్రం ఉంది, అది ఈ స్కీముది కాదు నాదే. సుకన్య సమృద్ధి ఖాతా ఆడపిల్లకి పదేళ్లు నిండేలోపే తెరవాలి. ఏజెంట్ అక్క 2021 నుంచీ చెప్తూనే ఉన్నారు, ఏడాదికి 250 తో అయినా తెరిచి పెట్టు అని. ఆర్డీ నడుస్తోందిగా, వచ్చే ఏడు చూద్దాం అన్నాను. 2023లో పాపకి పదేళ్లు దాటిపోయాయి. ఇప్పుడు దానికి వడ్డీ 8.2. ఆడపిల్ల ఉండి ఇంకా తెరవనివాళ్ళు ఇది చదివితే ఈ వారమే వెళ్ళండి, ఆ వయసు దాటితే ఇంక తెరవనివ్వరు.

మెచ్యూరిటీ డబ్బు సేవింగ్స్ ఖాతాలో పడింది. మార్కెట్ వెనక సందులో చిన్న షాపు, అడ్వాన్స్ 60,000, ఓవర్‌లాక్ సెకండ్ హ్యాండ్‌ది, పీకో మెషిన్ కొత్తది, అద్దం మాత్రం నిలువెత్తుది తీసుకున్నాను. 2016 నాటి కాగితంలో అద్దం ధర 1,800 అని రాసుంది, ఇప్పుడు 4,500 అయింది. 

నా రేటింగ్ అయిదుకి నాలుగు. ఆ ఒకటి వడ్డీకి తగ్గించాను.

నవంబర్ 18న కొత్తది తెరిచాను, ఈసారి 5,000, వడ్డీ 6.7, అయిదేళ్లకి 3,56,000 పైన వస్తాయి. పాప ఇప్పుడు ఏడో తరగతి, అప్పటికి ఇంటర్ రెండో ఏడాదిలో ఉంటుంది. షాపు వచ్చింది కాబట్టి ఇకమీద ఆషాఢంలో కూడా యూనిఫాంల ఆర్డర్లు వస్తాయనుకుంటున్నాను, 5,000 కట్టగలనా లేదా అని ఏజెంట్ అక్క నాతో కూర్చుని లెక్కేశాకే రాశారు. పాస్‌బుక్ కవర్లో ఈసారి పేరు పాప చేత రాయించాను, తను "బీటెక్" అని రాసి పక్కన బ్రాకెట్లో "లేదా డాక్టర్" అని రాసింది. 25న ఆవిడ షాపుకే వస్తానన్నారు, కుర్చీ కొనాలి ఇంకా.