బాధిత బాలల కౌన్సిలర్లకు ఆన్‌లైన్ శిక్షణ: నా అభిప్రాయం

హింసకు, లైంగిక వేధింపులకు గురైన పిల్లలతో పనిచేసే కౌన్సిలర్ల కోసం రూపొందించిన ఒక ఆన్‌లైన్ శిక్షణను ఇటీవల పూర్తి చేశాను. చాలా ఏళ్లుగా ఈ వృత్తిలోనే ఉన్నప్పటికీ, నేను దిద్దుకోవలసిన అలవాట్లు ఇందులో ఎన్నో బయటపడ్డాయి.

అన్నిటికన్నా విలువైనది పిల్లలతో మాట్లాడే పద్ధతిని గురించిన భాగం. "మామయ్య కొట్టాడా?" అని అడిగితే జవాబును మనమే బిడ్డ నోట పెట్టినట్లవుతుందని, "ఆ రోజు ఏం జరిగిందో మొదటి నుంచి చెప్పమ్మా" అని అడిగి ఆగాలని నమూనా సంభాషణతో చూపించారు. పాప పాత్రధారిణి చొక్కా బొత్తాన్ని తిప్పుతూ చాలాసేపు మౌనంగా ఉండిపోయినా, కౌన్సిలర్ ఏమాత్రం తొందరపెట్టకుండా ఆమె పక్కనే కూర్చున్న తీరు నా మనసులో నిలిచిపోయింది. "ఎవరికీ చెప్పను" అని మాట ఇవ్వకూడదన్న హెచ్చరిక కూడా ఎంతో అవసరమైనది. నిలుపుకోలేని మాట ఆ బిడ్డ నమ్మకాన్ని మరోసారి వమ్ము చేస్తుంది.

పోలీసులు, వైద్యులు, న్యాయవాదులు ఎవరికి వారు పిల్లలను పదేపదే ప్రశ్నించకుండా కలిసి పనిచేసే కేంద్రం 1985లో అమెరికాలోని హంట్స్‌విల్‌లో మొదలైన వైనాన్ని క్లుప్తంగా చెప్పారు.

నన్ను నిజంగా బాధించిన లోటు ఒకటుంది. పిల్లల వేదనను రోజూ వినే కౌన్సిలర్లకు నిద్ర పట్టకపోవడం, ఆ దృశ్యాలే కళ్ల ముందు మెదలడం వంటి ద్వితీయ ఆఘాత లక్షణాలు కలగవచ్చు. ఇంత ముఖ్యమైన విషయాన్ని చివరి ఇరవై నిమిషాలలో ముగించేశారు. అనుభవజ్ఞుల పర్యవేక్షణలో కేసులను చర్చించుకునే తరగతులను తప్పనిసరిగా చేర్చాలని నిర్వాహకులకు రాశాను. కొత్తగా వృత్తిలోకి వచ్చేవారు ఆ అండను వేరుగా ఏర్పాటు చేసుకున్న తర్వాతే ఈ శిక్షణలో చేరాలి.