బంగీ గేరు బాగుంది, పక్కనున్న సేఫ్టీ కేబుల్ ఇంకా బాగుంది

పైపర్ కబ్ అనే చిన్న విమానం తరహా హోమ్‌బిల్ట్ (సొంతంగా కట్టుకున్న విమానం) మీద తొమ్మిదేళ్ల వాడకం తర్వాత రాస్తున్న మాట ఇది. బంగీ గేరంటే, దిగేటప్పటి దెబ్బను తొడుగు వేసిన రబ్బరు రింగులు మింగే చక్రాల ఏర్పాటు. పచ్చిక రన్‌వే మీద బంగీ మెత్తదనాన్ని మొదట్లో తెగ మెచ్చుకున్నాను. ఇప్పుడూ మెచ్చుకుంటాను, రింగులు కొత్తగా ఉన్నంతకాలం.

ఆరో ఏట ఎడమవైపు రెండు రింగుల్లో ఒకటి తెగింది. ఫ్లేర్ (నేలకు తగిలే ముందు ముక్కెత్తి దిగుడు తగ్గించడం) మనిషెత్తులోనే అయిపోయి, వేగం పడిపోయి, విమానం దబ్బున కూలబడింది. దిగే వేగం రెట్టింపైతే గేరు మింగాల్సిన శక్తి నాలుగింతలవుతుంది. అంత బరువుకి మిగిలిన రింగు సాగిపోయింది. కాలు పక్కకు పరుచుకుపోయి రెక్క, ప్రొపెల్లర్ నేలకు తగలకుండా ఆపింది రింగుల పక్కనుండే ఉక్కు సేఫ్టీ కేబులే. గేరు కొనేటప్పుడు దాన్ని ఎవరూ పట్టించుకోరు. కేబుల్ లేని డిజైన్‌ని నేనైతే వద్దంటాను.

రింగులు కొని ఆరేళ్లే. తొడుగులో అల్లిన రంగు దారాలు చూస్తే తయారై ఎనిమిదేళ్లు. ఆ దారాలు తయారైన ఏడాదినీ, త్రైమాసికాన్నీ చెబుతాయి. అయిదేళ్లు దాటితే, పైకి ఎంత బాగున్నా, రెండు వైపులా ఒకేసారి మార్చేయాలి. చక్రం గాల్లో వేలాడేలా విమానాన్ని ఎత్తి, బంగీ సాగదీసే పనిముట్టుతోనే ఎక్కించాలి. స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే తొడుగు కోసుకుపోతుంది. ఎండ, ఇంజిన్ ఆయిల్ రబ్బరుకి శత్రువులు, అందుకే పైన గుడ్డ కవరు తప్పనిసరి.

ఇంకో లోపం, ఇందులో కుదుపుని నూనెతో అణిచే ఆయిల్ డ్యాంపర్ లేదు. మింగిన శక్తిలో చాలా భాగాన్ని రబ్బరు తిరిగిచ్చేస్తుంది, విమానం పైకెగురుతుంది. అప్పుడు స్టిక్ (ముక్కుని దించే, ఎత్తే కర్ర) ముందుకు తోస్తే రెండో దెబ్బ మొదటిదాన్ని మించుతుంది. ముక్కు ఉన్నచోటే ఉంచి కాస్త థ్రాటిల్ ఇవ్వాలి. గెంతు పెద్దదైతే పూర్తి పవర్‌తో మళ్లీ పైకి వెళ్లిపోవడమే.

గట్టిగా తగిలిన రోజున రింగులొక్కటే చూసి వదిలేయకూడదు. గేరు కాళ్లు ఫ్యూజిలేజ్‌కి (విమానం ఒంటికి) కలిసే వెల్డుల దగ్గర పెయింట్ చిట్లిందా, బోల్టు రంధ్రాలు కోలగా సాగాయా, విమానం ఒంటికి కప్పిన గుడ్డ మీద ముడతలొచ్చాయా, కేబుల్ మెలిపడిందా చూడాలి. బరువు మోసిన కేబుల్‌ని మాత్రం చూడకుండానే మార్చేయాలి.

తేలిక విమానం, హ్యాంగర్, పచ్చిక ఉన్నవాళ్లకి ఇది సరిపోతుంది. ఆరుబయట ఎండలో కట్టేసేవాళ్లు రబ్బరు లేని స్ప్రింగ్ గేరు కూడా చూడండి. మాకు హ్యాంగర్ ఉంది, కాబట్టి మళ్లీ బంగీనే వేసుకున్నాం, ఈసారి దారాల రంగు చూసి.